పని కనిపించే పుస్తకం

గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం, రుషికొండ, విశాఖపట్నం

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు మీద మాట్లాడేవాడికి ఒక షరతు ఉంది. వినేవాళ్లకు అందని మాట వాడితే అది ఆ పేరుకు అపచారం. ఆ షరతు మనసులో పెట్టుకునే మొదలుపెడుతున్నాను.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. ఈ విశాఖపట్నంలోనే మేనమామగారింట ఉండి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి వెళ్లి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. పిల్లలకు చరిత్ర చెబుతూనే ముఖలింగం గుడిలోని శాసనాలు స్వయంగా చదవడం నేర్చుకున్నారు. చుట్టూ కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుందామంటే అందుకు పుస్తకమూ లేదు, గురువూ లేడు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, ఆయన నోటి నుంచి ఒక్కొక్క మాటే పట్టుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. ఆ శ్రమ దశాబ్దాల పాటు సాగి 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువుగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా అచ్చయింది. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి కొత్తగా ఏర్పడ్డ ఒరిస్సాలో చేరింది. యాభై ఏళ్లకు పైగా పని చేసిన ఊరు విడిచి ఆయన రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన్ని మనం వ్యావహారిక భాషోద్యమానికి పెద్దగా కొలుస్తాం, ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అయితే ఆ ఉద్యమాన్ని కవిత్వం గురించో నవల గురించో జరిగిన పోరాటంగా గుర్తుపెట్టుకుంటున్నాం. అది మొదలైంది పాఠ్యపుస్తకం దగ్గర. చరిత్ర, భూగోళం, లెక్కలు, ఆరోగ్యం, అర్థశాస్త్రం వంటి ఉన్న విషయాన్ని ఉన్నట్టు చెప్పవలసిన రాతలు పిల్లవాడికి ఎందుకు అందడం లేదన్న ప్రశ్న దగ్గర మొదలైంది. జీవితాన్నీ పనినీ మనం చూసే తీరును మార్చగల పుస్తకాలేవి అన్నది ఈ సాయంత్రం నేను ఎత్తుకున్న విషయం. పంతులుగారి పేరు మీద ఇంతకంటే దగ్గరి విషయం నాకు తోచలేదు.

1

ముందు పేరు దగ్గరే ఒక చిక్కు ఉంది. నాన్‌ఫిక్షన్‌కు మనం 'కాల్పనికేతర సాహిత్యం' అని పేరు పెట్టుకున్నాం. కల్పన కానిది అని దాని అర్థం. ఒక వస్తువును అది ఏది కాదో చెప్పి పిలుస్తున్నామంటే, అది ఏమిటో మనం ఇంకా తేల్చుకోలేదన్నమాట. యాత్రాచరిత్ర, ఆత్మకథ, వైద్య గ్రంథం, నిఘంటువు, ఆర్థిక శాస్త్రం అన్నీ ఆ ఒక్క గంపలో పడ్డాయి. వీటన్నిటినీ కలిపే దారం ఏమిటని అడిగితే నేను ఇలా చెబుతాను: ఒక మనిషి ఉన్నదాన్ని దగ్గరగా, ఓపికగా చూశాడు. చూసిన సంగతితో పాటు, తాను ఎలా చూశాడో ఆ పద్ధతిని కూడా మన చేతికిచ్చాడు. సంగతి పాతబడినా పద్ధతి మనకు మిగులుతుంది. ఆ పద్ధతితో మన వైపు, మన పని వైపు తిరిగి చూసుకున్నప్పుడు మార్పు మొదలవుతుంది.

దీనికి ఎదురుగా నిలబడే పుస్తకాలు ఉన్నాయి. ద్వారకానగర్‌లో పుస్తకాల షాపులోకి వెళ్లి జీవితం మార్చే పుస్తకం ఇమ్మంటే ముందుగా చేతికొచ్చేవి వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. వాటిని నేను చిన్నచూపు చూడను. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' వచ్చినప్పుడు, పుస్తకాల జోలికి రాని ఎందరో యువకులు దాన్ని కొని చదివారు. పరీక్ష తప్పినవాడు, ఉద్యోగం రానివాడు, నలుగురిలో నోరు పెగలనివాడు ఒక రాత్రి ధైర్యం తెచ్చుకున్నాడంటే అది తక్కువ మేలు కాదు. అయినా ఒక తేడా చెప్పక తప్పదు. సలహా ఎవరికైనా ఒకటే. పొద్దున్నే లేవమని, లక్ష్యం రాసుకోమని ఉక్కు కార్మికుడికీ అదే చెబుతుంది, బ్యాంకు గుమాస్తాకూ అదే చెబుతుంది. ఇద్దరి పనీ దానికి కనిపించదు. పని కనిపించనప్పుడు తప్పంతా మనిషి మనసుదే అవుతుంది. కూలి రేటు, షిఫ్టు వేళలు, యంత్రం వయసు, పై అధికారి తీరు ఇవన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

ఈ రకం పుస్తకాలకు మూలపురుషుడిలాంటి రచన అలా లేదని గుర్తుచేస్తాను. శామ్యూల్ స్మైల్స్ 1859లో 'సెల్ఫ్ హెల్ప్' ప్రచురించాడు. లీడ్స్ పట్టణంలో సాయంత్రం పూట కూడి చదువుకునే కార్మిక యువకులకు చేసిన ప్రసంగాల్లోంచి పుట్టిన పుస్తకం అది. తెరిచి చూస్తే నిండా పనివాళ్లే: కుమ్మరులు, నేతగాళ్లు, ఇంజనీర్లు. పదహారో శతాబ్దపు ఫ్రెంచి కుమ్మరి పాలిసీ తెల్లటి మెరుగుపూత కోసం ఏళ్ల తరబడి బట్టీ పెట్టి, కట్టెలు అయిపోతే ఇంట్లోని బల్లలూ కుర్చీలూ విరగ్గొట్టి మంటలో వేసిన వృత్తాంతం అందులో ఉంది. చదివినవాడికి పట్టుదల ఒక్కటే కాదు, బట్టీ వేడి, పూత కరిగే సమయం, కట్టెల ఖర్చు కూడా తెలుస్తాయి. తరువాత వచ్చిన పుస్తకాలు పట్టుదల అన్న మాటను ఉంచుకుని బట్టీని వదిలేశాయి. నేను ఎత్తిచూపుతున్న నష్టం అదే.

2

మన భాషలో బట్టీని వదలని పుస్తకం ఏదని అడిగితే, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'ను ముందు చెబుతాను. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఒకరి మాటను మరొకరికి అర్థమయ్యేలా, న్యాయం చెడకుండా చెప్పడం ఆయన ఉద్యోగం. 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో మద్రాసు నుంచి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని, మన ఉత్తర సర్కారుల మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా రాసినదాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె, వీరాస్వామయ్య పోయిన తరువాత, 1838లో అచ్చు వేయించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం దారి కూడా ఆ పుస్తకంలో ఉంది. అంటే మనం ఇప్పుడు కూర్చున్న ఈ తీరం సుమారు 200 ఏళ్ల కిందట ఒక జాగ్రత్త గల మనిషి కళ్లలో పడింది.

కాశీకి వెళ్లినవాడు గుళ్ల గురించి, గంగ గురించి రాస్తాడని మనం అనుకుంటాం. ఆయన అవీ రాశాడు, భక్తితోనే రాశాడు. కానీ పుస్తకం బరువంతా మజిలీల్లో ఉంది. ప్రతి మజిలీ దగ్గరా ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి, నీళ్లు బావివా చెరువువా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, దారి ఇసుకా రాయా, ఏరు దాటడానికి ఏం చేయాలి, ఎక్కడ సుంకం కట్టాలి, ఏ నాణెం చెల్లుతుంది అని అడుగుతాడు. కొన్నాళ్లు చదివాక పాఠకుడికి ఒక సంగతి తట్టి కూర్చుంటుంది. యాత్ర అంటే యాత్రికుడి పుణ్యం ఒక్కటే కాదు. పల్లకీ మోసే బోయీల భుజాలు, వంటవాళ్ల చేతులు, దారిలో అంగడి పెట్టుకున్నవాడి లెక్క కూడా అందులో ఉన్నాయి. వీరాస్వామయ్య వాళ్ల పక్షాన వాదించడానికి పూనుకోలేదు. ఆయన తన కాలపు మనిషి, కులం గురించి ఆయన నమ్మకాలు ఇవాళ మనం ఒప్పుకునేవి కావు. అయినా ఉన్నదాన్ని వదలకుండా రాయడం వల్ల, ఆయన ఉద్దేశించని న్యాయం కూడా ఆ పుటల్లో చోటుచేసుకుంది. నిజాన్ని దగ్గరగా చూసి రాసే వచనానికి ఈ శక్తి ఉంది. రచయిత అభిప్రాయాలకంటే ఎక్కువకాలం అతని పరిశీలన బతుకుతుంది.

ఇంకొక సంగతి. ఆ పుస్తకంలోది పండితుల భాష కాదు. కోర్టులో, సంతలో, దారిలో వినిపించే తెలుగు. హిందుస్తానీ మాటలు వచ్చాయి, ఇంగ్లీషు మాటలు వచ్చాయి, అవసరమైన చోట వచ్చాయి. చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వచ్చింది. అంతకు పదిహేనేళ్ల ముందే తెలుగు వచనం దేశం సగాన్ని మోయగలిగిందన్నమాట. ఈ తారీఖును కాస్త గుర్తుంచుకోండి, ఇప్పుడు దానితో పని పడుతుంది.

3

1906–07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఈ ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకూ, బడిలో పుస్తకంలో ఉన్న తెలుగుకూ ఇంత దూరం ఎందుకన్నది ఆయన సందేహం. విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. అయ్యంగారు ఇద్దరి పేర్లు చెప్పారు: విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి. తెలుగు వచన చరిత్ర ఆ సమాధానంతో మలుపు తిరిగింది. అప్పటిదాకా సవర నిఘంటువు మీద ఉన్న పంతులుగారి దృష్టి తెలుగు మీదకు మళ్లింది. కొండ మీది మనిషి మాటను తప్పు అనకుండా విని రాసుకున్న చెవి అది. సొంత భాషలో కోట్లమంది మాటను తప్పు అంటుంటే ఆ చెవి ఎలా ఊరుకుంటుంది?

1912–13 నాటికి స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం ఆధునిక భాషలో రాసినా చెల్లుతుందన్న ఉత్తర్వు వచ్చింది. పండితులు మండిపడ్డారు. ఆ వివాదంలో ఏ పుస్తకాలు నలిగాయో చూడండి. ఈ ఊరి సెట్టి లక్ష్మీనరసింహం రాసిన 'గ్రీకు పురాణ కథలు' ఒకటి, అయ్యంగారు తెలుగులో రాసిన అర్థశాస్త్రం ఒకటి. వాడుక భాషకు పాత సాక్ష్యంగా కాశీయాత్ర చరిత్ర కూడా ముందుకొచ్చింది. ధర ఎందుకు పెరుగుతుందో, కూలి ఎలా నిర్ణయమవుతుందో కుర్రవాడికి తెలుగులో చెప్పే పుస్తకం గ్రాంథికంలో ఉండాలా వాడుకలో ఉండాలా అన్నది ఆనాటి తగాదాలో ఒక భాగం. ధర, కూలి గురించి తెలియవలసిన కుర్రవాడికి ఆ పుస్తకం ముందు ఒక వ్యాకరణ పరీక్ష పెడితే, తన జీవితానికి సంబంధించిన సంగతి కూడా పెద్దవాళ్ల సొత్తని వాడు నేర్చుకుంటాడు. పంతులుగారు ఓర్చుకోలేకపోయింది దాన్నే. కావ్యాల మీద ఆయనకు కోపమేమీ లేదు. పాత కావ్యాల నుంచే వందల ప్రయోగాలు ఏరి పండితుల వాదాన్ని ఎదుర్కొన్నారు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలుపెట్టి చరిత్ర, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం తెలుగులో తెచ్చింది ఆ మండలి. ఆ పుస్తకాలు గ్రాంథికంలోనే ఉన్నాయి. అయినా ఒక తరాన్ని నిద్రలేపాయి. మరి భాష సంగతి అంత ముఖ్యమా? నా సమాధానం: విషయం కోసం ఆకలిగా ఉన్నవాడు ఎంత గట్టి పెంకునైనా పగలగొడతాడు. అయితే ఆ పెంకు పగలగొట్టే పళ్లున్నవాడు అప్పటికే కొంత చదివినవాడు. మండలి పుస్తకాలు చదువరులను ఆలోచనాపరులను చేశాయి, అది పెద్ద పని. పని చేసేవాడు తన పని గురించి చదవడం, చదివి మళ్లీ రాయడం మరొక పని. అందుకు వాడుక భాష లేనిదే కాదు. కొమర్రాజు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గర, 'అ' అక్షరంలోనే ఆగిపోయింది. 1923లో ఆయన పోయారు. ఆ ఆగిన చోటును తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

4

పుస్తకం మనిషిని మార్చదని, పరిస్థితులు మారుస్తాయని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతిలో మంచి ఉదాహరణ కూడా ఉంది. 1904లో గాంధీ జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు రైల్లో వెళుతూ, మిత్రుడు పోలాక్ చేతికిచ్చిన రస్కిన్ 'అన్ టు దిస్ లాస్ట్' చదివారు. రాత్రి నిద్రపట్టలేదు. పుస్తకం చెప్పిన ప్రకారం బతుకు మార్చుకోవాలని తెల్లారేసరికి నిశ్చయించుకున్నారు. డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో పొలం కొని, 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక అచ్చు యంత్రాన్ని అక్కడికి తరలించారు. ఆక్షేపించేవాళ్లు ఏమంటారంటే, గాంధీ అప్పటికే అటువైపు నడుస్తున్నారు, పుస్తకం ఒక సాకు. అదీగాక రస్కిన్ పుస్తకం కూడా బోధే కదా, సలహా మార్చదన్న మీ మాట ఏమైంది అని కూడా అడగవచ్చు.

మొదటిదానికి నేను సగం ఒప్పుకుంటాను. పచ్చికట్టెకు నిప్పు అంటుకోదు. అదే పుస్తకం అప్పటికే చాలామంది చదివారు. 1860లో అందులోని వ్యాసాలు పత్రికలో వస్తుంటే పాఠకులు గోల చేసి మధ్యలో ఆపించారు. గాంధీ సిద్ధంగా ఉన్నారన్నది నిజం. అయితే సిద్ధంగా ఉన్న మనిషికి కూడా తన సిద్ధం దేనికో తెలియాలి. రెండో ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలోనే ఉంది. రస్కిన్ మంచిగా ఉండమని ఊరికే చెప్పలేదు, కూలి గురించి అడిగాడు. పనితనం ఉన్నవాడికీ లేనివాడికీ కూలి రేటు ఒకటే ఉంటే ఏమవుతుంది? చౌకగా చేస్తానన్నవాడికి పని ఇస్తే మంచి పనివాడి గతి ఏమిటి? ఈ ప్రశ్నలు లెక్కలతో కూడినవి. అప్పుడు గాంధీ చేతిలో నష్టాల్లో నడుస్తున్న అచ్చు యంత్రం ఉంది, దాని మీద బతుకుతున్న మనుషులు ఉన్నారు. వకీలు పనికీ మంగలి పనికీ విలువ ఒకటేనని ఆయన ఆ పుస్తకంలోంచి గ్రహించారు. ఫీనిక్స్‌లో చేసిన మొదటి ఏర్పాట్లలో ఒకటి అందరికీ ఒకే జీతం. పుస్తకంలోంచి మనిషిలోకి వెళ్లింది ఒక కూలి లెక్క. తరువాత పెరిగిన సర్వోదయ భావమంతా ఆ లెక్క మీద నిలబడింది.

కథ, నవల మనిషిని ఇంతకంటే లోతుగా కదిలిస్తాయని కూడా అంటారు. కదిలిస్తాయి. ఈ ఊరి కోర్టులను, సారా కేసులను, బీదవాడి మీద చట్టం ఎలా పడుతుందో చూపించడానికి రావిశాస్త్రిని మించినవాళ్లు లేరు. ఆయనే స్వయంగా వకీలు. కానీ మనుషులు ఒకరికొకరు చేసుకునేది కథకు ప్రాణం, పని జరిగే తీరు దానికి నేపథ్యం. నేపథ్యాన్ని ముందుకు తెచ్చి కూర్చోబెట్టడం వచనం బాధ్యత. రెండూ అవసరమే, ఒకదాని పని మరొకటి చేయదు.

5

ఇప్పుడు మన దగ్గరి రెండు పుస్తకాలు చూద్దాం. మొదటిదాని గురించి కొద్దిగా చెబుతాను. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ పల్లెల కోసం స్పానిష్‌లో తయారుచేసిన వైద్య పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'వైద్యుడు లేని చోట' అన్న పేరుతో తెలుగులో తెచ్చింది. విరేచనాలైన పసిబిడ్డ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే అది వెంటనే సర్దుకుందా లేదా చూడు, కంటి రెప్ప లోపలి రంగు చూడు అన్న పద్ధతిలో ఆ పుస్తకం నడుస్తుంది. చదివినవాళ్లు డాక్టర్లు కారు. కానీ ఒళ్లు, జ్వరం, మందు, డాక్టరు అన్న నాలుగింటి మధ్య ఉన్న సంబంధం వాళ్లకు మారిపోతుంది. భయపడవలసిన చోటేదో, అక్కర్లేని చోటేదో తెలుస్తుంది.

రెండోది కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి'. 2012లో, ఆమెకు తొంభై దాటాక అచ్చయింది. ఆమె చివరి సంవత్సరాలు ఈ విశాఖలోనే గడిచాయి, 2018 సెప్టెంబరులో నూరేళ్లు నిండిన వయసులో ఇక్కడే పోయారు. బాల్యంలోనే వితంతువు. తరువాత కొండపల్లి సీతారామయ్యతో పెళ్లి, కమ్యూనిస్టు ఉద్యమం, పాటలు, రహస్య జీవితం. ఆపైన భర్త విడిచిపోవడం, కొడుకునూ కూతురినీ పోగొట్టుకోవడం. ముప్పై దాటిన వయసులో హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మళ్లీ చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టలు మేట్రన్‌గా ఉద్యోగం చేశారు. ఈ జీవితాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. త్యాగమూర్తి కథగా రాస్తే పాఠకుడు చేతులు జోడిస్తాడు. మోసపోయిన స్త్రీ కథగా రాస్తే కోపం తెచ్చుకుంటాడు. ఆమె ఈ రెండు దారుల్లోనూ నడవలేదు. ఏ రోజు ఎక్కడ తలదాచుకున్నారో, ఎవరు అన్నం పెట్టారో, జీతం ఎంతలో ఎలా సర్దుకున్నారో ఆ వరసలో చెప్పుకుపోయారు.

ఈ పుస్తకం ఏం మారుస్తుందని అడిగితే, నా మటుకు 'పని' అన్న మాట అర్థమే మారుస్తుందని చెబుతాను. ఉద్యమ చరిత్రలు సభలనూ తీర్మానాలనూ దళాలనూ పని అంటాయి. రహస్య స్థావరంలో పొయ్యి వెలిగించడం, పక్కింటివాళ్లకు అనుమానం రాకుండా సంసారం నడపడం, బిడ్డను తల్లి దగ్గర వదిలి రావడం ఆ చరిత్రల్లో పని లెక్కలోకి రావు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను వాళ్ల నోటి తెలుగులోనే 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు ఆ గోడకు మొదటి దెబ్బ పడింది. కోటేశ్వరమ్మగారు దాన్ని ఒక్కరే పూర్తిగా పడగొట్టారు. ఆ పుస్తకం చదివినవాడు ఏ కార్యాలయంలోకి వెళ్లినా, ఏ సంఘం సమావేశానికి వెళ్లినా, కుర్చీలు వేసినవాళ్లెవరు, టీ పెట్టినవాళ్లెవరు అని చూడక మానలేడు. మళ్లీ చెబుతున్నాను, ఆమె ఎక్కడా అలా చూడమని మనకు చెప్పలేదు.

6

ఇక ఈ ఊరి సంగతి. 1933లో లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభించిన ఓడరేవు మనది. అలల దెబ్బ ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్ట చేశారన్నది అందరూ చెప్పుకునే మాట. ఆ రాళ్లు మోసినవాళ్లు, ఓడ మునిగే చోటును కొలిచినవాళ్లు చెప్పుకున్న మాట మాత్రం వినిపించదు. 1948 మార్చిలో నెహ్రూ ఇక్కడ కట్టిన జల ఉష ఓడను సముద్రంలోకి వదిలారు. ఆ ఓడ పలకలకు రివెట్లు కొట్టిన చేతుల గురించి ఎవరు రాశారు? 1966లో ఉక్కు కోసం ఆంధ్రదేశం లేచింది, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. తేదీలన్నీ ఉన్నాయి, ఉపన్యాసాలన్నీ ఉన్నాయి. మన బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరు, అన్నం పేరు పెట్టుకున్నాం. ఆ కొలిమి ముందు ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషికి, కరిగిన ఇనుము బయటికి వచ్చేటప్పుడు దాని రంగులో, చప్పుడులో ఏం తెలుస్తుందో తెలుగులో చదువుదామంటే పుస్తకం దొరకడం కష్టం. భూమి ఇచ్చి, పునరావాసం కింద దొరికిన ఆర్ కార్డు పట్టుకుని తిరిగిన నిర్వాసితుడికి పొలం పని, ఫ్యాక్టరీ పని రెండూ తెలుసు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగల కన్ను ఏ ఆర్థికవేత్తకూ లేదు.

ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో జాలరి ఇళ్లున్నాయి. ఒడ్డు కనుచూపు దాటకముందే ఒక కొండ మరో కొండకు ఎంత ఎడంగా కనిపిస్తోందో చూసి తామున్న చోటు పోల్చుకోవడం తీరప్రాంత జాలరుల పాత విద్య. ఇప్పుడు చేతిలో జీపీఎస్ ఉంది, మంచిదే, దాని వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి. అయితే ఈ కొద్ది ఏళ్లలో తవ్వకాలతో రుషికొండ ఆకారం ఎలా మారిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కొండను గుర్తుగా పెట్టుకున్నవాడికి ఆ మార్పు ఎలా ఉంది? ఇక్కడి నుంచి భీమిలి దారిలో తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీళ్లతొట్ల వల్ల, బావికొండకు బావుల వల్ల వచ్చింది. బౌద్ధ భిక్షువుల బోధలను గ్రంథాలు దాచాయి. ఆ తొట్లు తొలిచినవాళ్ల పనికి గుర్తుగా కొండ పేరొక్కటే మిగిలింది. రెండువేల ఏళ్ల నాటి ఆ పొరపాటును మనం మళ్లీ చేయనవసరం లేదు.

ఇవాళ్టి కాలంలో పుస్తకమెందుకు, ఫోనులో వీడియో తీస్తే చాలదా అంటారు. తీయండి, తప్పకుండా తీయండి. వీడియో చెయ్యి కదలికను పట్టుకుంటుంది. ఆ చెయ్యి ఎందుకు ఒక క్షణం ఆగిందో చెప్పడానికి మాటలు కావాలి, మాటలను వరసలో పెట్టాలి. ఇంగ్లీషులో సాంకేతిక గ్రంథాలు ఉన్నాయి కదా అని మరికొందరు అంటారు. యంత్రం ఎలా నడవాలో అవి చెబుతాయి. అది నిజంగా ఎలా నడుస్తోందో షిఫ్టులో ఉన్నవాడికే తెలుసు. కార్మికుడికి రాయడం రాదన్నది మూడో మాట, ఇది నాకు నచ్చని మాట. షిఫ్టు మారేటప్పుడు ప్రతి ప్లాంటులో లాగ్ పుస్తకం రాస్తారు. ఏ పంపు వేడెక్కింది, ఏ వాల్వు కారుతోంది, వచ్చేవాడు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి అన్నవి అందులో ఉంటాయి. అనవసరమైన మాట ఒక్కటి ఉండదు, ఎందుకంటే దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఇంత కచ్చితమైన వచనం ఈ ఊళ్లో రోజూ మూడు పూటలా పుడుతోంది. అది గేటు లోపలే ఉండిపోతోంది, అంతే తేడా. ఆ షిఫ్టులో లేనివాళ్ల కోసం కూడా రాసిన లాగ్ పుస్తకమే నేను ఇంతసేపు చెబుతున్న పుస్తకం.

పంతులుగారు సవర భాషకు పుస్తకం లేదని ఆగిపోలేదని మొదట్లో చెప్పాను. తెలిసిన మనిషిని ఇంటికి పిలిచి, ఎదురుగా కూర్చుని, అడిగి రాసుకున్నారు. ఎనభైల్లో ఉక్కు కర్మాగారంలో చేరినవాళ్లు ఇప్పుడు రిటైరై గాజువాకలో, కూర్మన్నపాలెంలో ఇళ్ల దగ్గర ఉన్నారు. చెక్కతెప్ప నడిపిన చివరి తరం జాలరులు ఈ ఒడ్డునే ఉన్నారు. ఈ హాల్లో విద్యార్థులు చాలామంది కనిపిస్తున్నారు. మీలో ఒక్కొక్కరు ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లండి. విజయ రహస్యం ఏమిటని, సందేశం ఏమిటని అడగకండి. వాళ్ల మాట దిద్దకండి, వాళ్లు ఇంగ్లీషు మాట వాడితే అదే రాయండి, సముద్రం మీది మాట వాడితే దాని అర్థం వాళ్లనే అడగండి. మొదటి ప్రశ్న ఇలా మొదలుపెట్టవచ్చు: మీ పనిలోకి కొత్తగా వచ్చినవాడికి మొదటి సంవత్సరం కనిపించనిది ఏమిటి? జవాబు వచ్చేదాకా కూర్చోండి. తొందరపడకండి, ఆ ప్రశ్న వాళ్లను అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.